డ్రైవర్ సీట్లో ఎనభై నాలుగు కిలోలు

పెళ్లయిన ఏడు నెలలకి డాక్టరమ్మ తన మొగుణ్ణి నోరు తెరిచి అడిగిన మొట్టమొదటి కోరిక నాలుగు టైర్లు. నగలూ నట్రా కాదు, షికార్లు కాదు, కొత్త ఇల్లు కాదు. నాలుగంటే నాలుగు టైర్లు. అదేం భాగ్యం అనుకున్నాడు ఆ పిచ్చి మారాజు. ఆ పూట ఆయన మొహం చూసి తీరాలి, లాటరీ తగిలినవాడిలా వెలిగిపోయాడు.

అందరూ ఆయన్ని బక్కాయన అంటారు. ఆరడుగుల మనిషి, యాభై ఎనిమిది కిలోలు. గాలి గట్టిగా వీస్తే స్తంభం పట్టుకోవాల్సిన ఒళ్లు. పళ్ల డాక్టరు దగ్గర, వెనక గదిలో కూర్చుని కట్టుడు పళ్లు చేస్తాడు. మైనం వేడి చేసి, అందులో ఒక్కో పన్నూ చిమటాతో పట్టి నిలబెట్టి, అరగదీసి, మెరుగు పెట్టి ఇస్తే, పెట్టుకున్న ముసలాళ్లు అవి తమ పళ్లు కావన్న సంగతే మర్చిపోయేవారు. అంత పనితనం. నలభై దాటినా పెళ్లి ఊసెత్తకపోయేసరికి, తల్లి పోయాక తనే ఎత్తుకుని పెంచిన అక్క పట్టుబట్టి ఈ సంబంధం కుదిర్చింది. అమ్మాయి పశువుల డాక్టరు. ఆవిడకిది రెండో పెళ్లి.

మొదటాయన రెండేళ్ల కిందట నాలుగు రోజుల జ్వరంతో పోయాడు. ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటీ లేదు. డాక్టరమ్మ ఆయన మాటే ఎత్తదు. ఏడవదు, విసుక్కోదు, నవ్వదు. “మీరు తిన్నారా”, “మీకు ఫోనొచ్చింది”, “మీ బట్టలు ఇస్త్రీకిచ్చాను” అంటుంది. ఏ లోటూ చేయలేదు, నిజమే. కానీ లాడ్జీలో దిగినవాడికి కూడా ఇంతకంటే ఏం తక్కువ జరుగుతుంది చెప్పండి! బక్కాయనకి ఆవిడంటే ప్రాణం. ఆవిడ ఒక్కసారి తన వంక చూసి మనసారా నవ్వితే చాలనుకునేవాడు. అంతకు మించి ఆయనకి ఈ లోకంతో పేచీ లేదు.

షెడ్డులో గుడ్డ కప్పుకుని ఒక నల్ల కారు పడుంది. మొదటాయన విదేశం నుంచి ఓడలో తెప్పించుకున్నది. ఒక సెలవు రోజున ఆవిడ ఆ గుడ్డ పక్కకి లాగి, చాలాసేపు చూసి, “టైర్లు గుండైపోయాయి. కొత్తవి దొరికితే ఒక్కసారి ఇందులో తిరగాలనుంది” అంది. అంతే. బక్కాయన టైరు మీద అచ్చేసిన అంకెలన్నీ కాగితం మీద రాసుకుని, అప్పటికప్పుడు చెప్పులేసుకుని బయల్దేరాడు.

బయల్దేరడం వరకూ బాగానే ఉంది. ఆ కారు చక్రాలు మాత్రం ఈ లోకానివి కావు. ముందువి ఒక సైజు, వెనకవి ఇంకో సైజు. మొదటి షాపువాడు కాగితం తిప్పి తిప్పి చూసి, “ఇది టైరు సైజా, ఎవరిదైనా ఫోన్ నంబరా సార్?” అన్నాడు. రెండో షాపువాడు ఇంకా ఘనుడు. “ఇంచుమించు సైజు ఉంది, వేసేద్దాం, పట్టేస్తుంది” అన్నాడు.

“ఇంచుమించు పళ్లు పెడితే నువ్వు నములుతావా?” అని బక్కాయన చిర్రెత్తి బయటికొచ్చేశాడు.

మూడోవాడు ఆ సైజు తయారీ ఆపేశారన్నాడు. నాలుగోవాడు కారు అమ్మేయమని సలహా ఇచ్చాడు, ఎవడడిగాడో! అలా పదకొండు రోజులు, పని దిగగానే, కాళ్లకి బలపాలు కట్టుకుని తిరిగాడు. ఇంటికొచ్చినప్పుడల్లా ఆవిడ నోటితో అడగదు, కళ్లతో అడుగుతుంది. లేదు అని తలూపడానికి బక్కాయనకి మొహం చెల్లేది కాదు.

పన్నెండో రోజున ఎవరో చెబితే పాత బస్ డిపో వెనక సందులో ఉన్న షాపుకి వెళ్లాడు. బోర్డు వెలిసిపోయింది. ముందు భాగమంతా టైర్ల అరలు, వెనక చక్రాల అలైన్‌మెంట్ చేసే ర్యాంపు. అరవై దాటిన మేస్త్రి ఒక్కడే ఉన్నాడు, చెవి మీద పెన్సిలు, చేతులకి మసి. ఆయన కాగితం చూసి నవ్వలేదు. తలెత్తి బక్కాయన వంక చూశాడు.

“నల్ల బండి కదూ? ఓడలో వచ్చింది?”

“అవును.”

“ఎన్నాళ్లకొచ్చారు సార్!” అన్నాడు మేస్త్రి, తప్పిపోయిన మనిషి కనబడ్డట్టు. “మీ టైర్లు వచ్చి ఏడాది దాటింది. ఫోన్ చేస్తే మోగదు. ఎవరడిగినా ఇవ్వలేదు, పైన దాచిపెట్టాను. రండి.”

పై అరలో, ప్లాస్టిక్ చుట్టిన నాలుగు టైర్లు. ఒకదానికి కట్టిన అట్టముక్క మీద మొదటాయన పేరు, ఆయన బతికున్న నాటి తేదీ. బక్కాయన ఆ అట్టముక్కని రెండుసార్లు చదివాడు.

“ఈ పేరుగలాయన మీరేగా?” అన్నాడు మేస్త్రి.

కాదంటే ఏమవుతుంది? సవాలక్ష ప్రశ్నలు. ఆయన ఏరీ, ఏమయ్యారు, ఇంట్లోవాళ్లని తీసుకురండి. అంటే డాక్టరమ్మని ఇక్కడ నిలబెట్టి, పోయిన మొగుడి అక్షరాలు చూపించాలి. పదకొండు రోజుల తిరుగుడు కాళ్లలో ఉంది, పైన టైర్లు కళ్లెదుట ఉన్నాయి.

“నేనే,” అన్నాడు బక్కాయన.

మర్నాడు మధ్యాహ్నం కారుని మెల్లగా నడిపించుకుంటూ తీసుకొచ్చాడు. మేస్త్రి టైర్లు ఎక్కించి, గాలి చూసి, బండిని ర్యాంపు మీదకి తెచ్చి, నాలుగు చక్రాలకీ గుండ్రటి పలకలు బిగించాడు. గోడకున్న తెర మీద ఎర్ర గీతలు లేచాయి. ఆ తర్వాత ఒక మూల నుంచి ఇసక సంచులు మోసుకురావడం మొదలుపెట్టాడు. పది కిలోలవి, ఐదువి, ఒక కిలోవి, వరసగా.

“ఇవెందుకు?” అన్నాడు బక్కాయన.

“ఖాళీ బండికి చక్రాలు సరిచేయడమంటే, కొలతలు తీసుకోకుండా చొక్కా కుట్టడమే సార్. రోడ్డు మీద బండి ఒంటరిగా పోతుందా? మనిషి కూర్చుంటాడు. మనిషి బరువుకి బండి ఎంత కుంగుతుందో అంత కుంగదీసి, అప్పుడు సరిచేయాలి. బయట ఊరికే తెర చూసి తిప్పేస్తారు. నా దగ్గర ప్రతి బండికీ కార్డుంటుంది.” రేకు డబ్బాలోంచి పసుపు కార్డొకటి తీసి, కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. “డ్రైవరు ఎనభై నాలుగు. పక్కన యాభై మూడు. వెనక ఖాళీ.”

చదివి, బక్కాయనని కిందనుంచి పైదాకా చూశాడు.

“ఏంటి సార్, ఇంతలా చిక్కిపోయారు?”

బక్కాయన చొక్కా కిందికి లాక్కున్నాడు. నిజం చెప్పొచ్చు, ఇప్పుడైనా చెప్పొచ్చు. కానీ నిన్న అవునన్నవాడు ఇవాళ కాదంటే దొంగ కింద లెక్క. “జ్వరం... జ్వరం చేసింది,” అన్నాడు. “నాలుగు రోజులు.”

ఆ నాలుగు రోజుల మాట తన నోట్లోంచి ఎలా ఊడిపడిందో తెలియక నాలిక కరుచుకున్నాడు.

“జ్వరమే కదా. మళ్లీ నిండుతారు లెండి,” అన్నాడు మేస్త్రి. “నాకు మొహాలు గుర్తుండవు, చక్రాలు గుర్తుంటాయి. కార్డు ప్రకారమే చేస్తాను.”

సంచులు ఒకదాని మీద ఒకటి డ్రైవర్ సీట్లో పేర్చి, జారకుండా బెల్టు పెట్టాడు. పక్క సీట్లో ఇంకొన్ని. తలుపులు మెల్లగా, లోపలెవరో నిద్రపోతున్నట్టు వేశాడు. బండి డ్రైవరు వైపు హుష్‌మని ఒక నిట్టూర్పు విడిచి కుంగింది. బక్కాయన అద్దంలోంచి చూశాడు. ఇసక సంచులే, తన కళ్లెదుటే పెట్టినవి. అయినా భుజాలున్నట్టూ, తల కొంచెం పక్కావిడ వైపు వాల్చినట్టూ అనిపించి గబుక్కున చూపు తిప్పుకున్నాడు. మేస్త్రి కింద పడుకుని పానా తిప్పుతుంటే, తెర మీద ఎర్ర గీతలు ఒక్కొక్కటే పచ్చగా మారాయి.

అరగంట తర్వాత సంచులన్నీ తీసేశాడు. పక్క సీటు వైపు బండి లేచింది. డ్రైవరు వైపు లేవలేదు. “స్ప్రింగులు కొత్తగా సర్దుకోవాలి, రెండ్రోజులు పడుతుంది” అన్నాడు మేస్త్రి, చేతులు తుడుచుకుంటూ.

దారంతా కారు ఎడమకి లాగింది. స్టీరింగు బిగించి పట్టుకోవాల్సొచ్చింది. ఎవరో పక్కన కూర్చుని, తప్పుకోమని మోచేత్తో నెడుతున్నట్టుంది ఆ లాగుడు. ఇంటికొచ్చేసరికి బక్కాయన అరచేతులు కందిపోయాయి. కానీ కారు చప్పుడు విని డాక్టరమ్మ చెప్పులు కూడా లేకుండా వాకిట్లోకి పరిగెత్తుకొచ్చింది. పక్క సీట్లో కూర్చుంది. వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చారు, అంతే. దిగేటప్పుడు ఆవిడ నవ్వింది. ఏడు నెలల తర్వాత మొదటి నవ్వు! ఆ నవ్వు కోసం ఎడమకి కాదు, ఏట్లోకి లాగినా ఫర్వాలేదనిపించింది బక్కాయనకి.

ఆ రోజు నుంచి సాయంత్రం పూట ఇద్దరూ కారులో తిరగడం అలవాటైంది. వారం తిరిగేసరికి లాగుడు కాస్త తగ్గింది. రెండో వారానికి ఇంకాస్త. స్ప్రింగులు సర్దుకుంటున్నాయి కాబోలని బక్కాయన సంతోషించాడు. భోజనం దగ్గర మాత్రం ఏదో తేడాగా ఉంది. ఒకసారి వడ్డించుకుని లేచే మనిషి మూడోసారి అడుగుతున్నాడు. ఆవిడ ప్రేమగా పెడుతుంటే తినకుండా ఎవడు లేస్తాడు!

డాక్టరమ్మకి ఒక విద్య ఉంది. జంతువుని చూస్తే చాలు, మందు మోతాదు కోసం బరువు ఇట్టే చెప్పేస్తుంది, కాటా అక్కర్లేదు. ఒక రోజు తినే కంచం ముందు బక్కాయనని చూస్తూ, “అరవై అయిదు,” అంది.

“ఏంటి?”

“మీ బరువు.”

నవ్వుకున్నారు. తర్వాతి వారం “డెబ్బై” అంది. ఆ తర్వాత “డెబ్బై నాలుగు.” ప్రతిసారీ ఆవిడ కళ్లలో ఒక వత్తి కొంచెం పైకి లేపినట్టయ్యేది. ఎందుకు పెరుగుతున్నారని ఆవిడ ఎప్పుడూ అడగలేదు. ఒంట్లో బాగాలేదేమో పరీక్ష చేయించుకోండని ఏ పెళ్లామైనా అనాలా వద్దా? ఈవిడ డాక్టరు కూడానాయె. బక్కాయనకి అనుమానమొచ్చి, ఆవిడ ఆసుపత్రిలో కుక్కల్ని తూచే కాటా మీద ఎవరూ చూడకుండా ఎక్కాడు. డెబ్బై నాలుగు. కిలో అటూ ఇటూ లేదు.

చొక్కాలు పట్టడం మానేశాయి. కొత్తవి కొందామంటే, “ఎందుకూ దండగ” అంటూ ఆవిడ బీరువా పైనుంచి పెట్టె దించి, ఐదారు చొక్కాలు తీసిచ్చింది. ఎవరివని ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు. మెడ దగ్గర, భుజం దగ్గర కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. అద్దంలో చూసుకుంటే బుగ్గలు నిండి, మెడ బలిసి, మనిషి దర్జాగా ఉన్నాడు. తన కంటే బాగున్నాడు, అదే బాధ.

పనిలో అసలు తంటా మొదలైంది. వేళ్లు లావెక్కాయి. చిమటాలో పన్ను నిలవదు, మైనంలో వంకరగా దిగుతుంది. మూడు సెట్లు వరసగా వెనక్కొచ్చాయి. ఒక పెద్దావిడ కట్టుడు పళ్లు తెచ్చి బల్ల మీద పెట్టి, “ఇవి నా మాట వినట్లేదు నాయనా, కరుస్తున్నాయి” అని మొత్తుకుంది. పళ్ల డాక్టరు నెత్తి కొట్టుకున్నాడు. “ఇరవై ఏళ్లుగా నీ పని చూస్తున్నా. ఇది నీ చెయ్యి కాదయ్యా,” అన్నాడు. బక్కాయన తన చెయ్యి వంక చూసుకున్నాడు. వేళ్ల వెనక నల్లగా వెంట్రుకలున్నాయి. తనకెప్పుడూ లేవు. గబుక్కున చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం నడుపుతుండగా చేతులు వాటంతటవే ఒక సందులోకి తిప్పాయి. బక్కాయన ఆ సందెప్పుడూ చూడలేదు. మూసేసి ఉన్న తాళాల షాపు ముందు కారు ఆగింది. ఎందుకాపాడో ఆయనకే తెలియదు. డాక్టరమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

“నీకు గుర్తుంది,” అంది. “మన మొదటి ఇంటికి ఇక్కడే తాళంచెవులు చేయించాం. రెండు. నాదొకటి, నీదొకటి. నీకు గుర్తుంది!”

ఆవిడ ఆయన భుజం మీద తల పెట్టుకుంది. ఇన్ని నెలలు దేనికోసం ఆయన మొహం వాచిపోయాడో అదే ఇప్పుడు ఒళ్లో వచ్చి పడింది. కానీ పుచ్చుకుంటున్నది తను కాదు. తన భుజం మీద తల వాల్చి ఆవిడ ఇంకెవరికో మాట చెప్పుకుంటోంది. బక్కాయనకి ఏడుపొచ్చింది. ఏడవబోతే, ఆ ఏడుపు కూడా గొంతులోంచి కొత్తగా, లావుగా వచ్చింది. దిగమింగేశాడు.

అదే వారంలో అక్క ఫోన్ చేసింది.

“ఒరేయ్ బక్కోడా, నెల దాటింది, బతికున్నావా పోయావా?”

“బాగానే ఉన్నానక్కా.”

“గొంతేంట్రా అలా ఉంది? జలుబా?”

“ఏం లేదే.”

“నువ్వు నన్ను ఏమే గీమే అని ఎప్పుడన్నావురా? ఏదో అయింది నీకు. ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నా. కళ్లారా చూస్తేగానీ నాకు నిద్ర పట్టదు.”

ఫోన్ పెట్టేశాక బక్కాయనకి ధైర్యం లాంటిదొకటి వచ్చింది. అక్క వచ్చేలోగా ఈ పీడ వదిలించుకోవాలి. మేస్త్రి దగ్గరికెళ్లి, నిజం చెప్పి, తన బరువుకి తన కారు సరిచేయించుకోవాలి. మనిషి బరువుకి బండి కుంగాలిగానీ, బండి కొలతకి మనిషి నిండడమేంటి, ఎక్కడైనా ఉందా!

శనివారం మధ్యాహ్నం బయల్దేరబోతుంటే డాక్టరమ్మ వచ్చి పక్క సీట్లో కూర్చుంది. కారుని ఒంటరిగా పంపడం ఆవిడకిప్పుడు ఇష్టం లేదు. సర్వీసింగు అని చెప్పాడు. ఆవిడ అద్దం దించుకుని, గాలికి జుట్టు చెదిరిపోతుంటే పట్టించుకోకుండా, దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. కుక్కపిల్ల సంగతి, కంపౌండర్ సంగతి, పన్ను నొప్పితో వచ్చిన గుర్రం సంగతి. బక్కాయనకి తెలియదు ఆవిడ ఇంత మాటకారని.

కారు ర్యాంపెక్కింది. ఆవిడ లోపలే కూర్చుంది. మేస్త్రి బక్కాయనని గోడ పక్కనున్న కాటా మీద నిలబెట్టి చూసి, “ఎనభై రెండు! ఇంక రెండు కిలోలే సార్. చెప్పానా, మళ్లీ నిండుతారని,” అన్నాడు సంబరంగా.

“మేస్త్రీ,” బక్కాయన గొంతు తగ్గించాడు. “నేను ఆయన్ని కాను. ఆయన పోయాడు. ఆ టైర్లు రాకముందే పోయాడు. నేను... నేను అబద్ధం చెప్పాను.”

మేస్త్రి ఆశ్చర్యపోలేదు. అదే బక్కాయనని ఇంకా భయపెట్టింది. చెవి మీది పెన్సిలు తీసి, చూసి, మళ్లీ పెట్టుకున్నాడు.

“మొదటి రోజే అడిగానుగా సార్. నేనే అన్నారు. తర్వాత జ్వరం అన్నారు. మీరు చెప్పిన మనిషి బరువుకే బండిని తిప్పాను. బండి నమ్మింది. ఇప్పుడు కాదంటే దానికేం చెప్పమంటారు?”

“నా బరువుకి తిప్పండి. యాభై ఎనిమిది.”

“తిప్పుతాను. దాందేముంది. యాభై ఎనిమిదికి తిప్పితే నాలుగు వారాల్లో మీరూ దిగొస్తారు. ఇలాంటివి నేను చూడనివి కావు.” రేకు డబ్బా తెరిచి పసుపు కార్డు బయటికి తీశాడు. “కానీ ఒక బండికి డ్రైవరు కార్డు ఒక్కటే ఉండాలి. కొత్తది రాస్తే ఇది చింపేయాలి.”

“చింపితే?”

“చింపితే ఆయన దిగిపోతాడు.” మేస్త్రి కార్డుని రెండు చేతుల బొటనవేళ్ల మధ్య పట్టుకున్నాడు. “మళ్లీ ఎక్కడు. చింపమంటారా?”

చింపమని చెప్పడానికే వచ్చాడు. మాట నాలిక చివర ఉంది. సరిగ్గా అప్పుడు డాక్టరమ్మ కారు కిటికీలోంచి తల బయటపెట్టింది.

“ఎంతసేపు? బండి బానే ఉందిగా, ఏం మార్చొద్దని చెప్పు!” అంది. అని నవ్వింది. మొహమంతా నవ్వింది, చిన్నపిల్లలా. బక్కాయన ఆ నవ్వు వంక చూస్తూ నిలబడిపోయాడు. అది తనది కాదని తెలుసు. కార్డు చిరిగిన మరుక్షణం అది ఆరిపోతుందని, రేపట్నుంచి మళ్లీ “మీరు తిన్నారా” అనే మాటొక్కటే మిగులుతుందని కూడా తెలుసు. తన వేళ్లు తనకి తిరిగొస్తాయి, తన పని తనకొస్తుంది, అక్క వచ్చి చూసి ఊపిరి పీల్చుకుంటుంది. అన్నీ తెలుసు. ఐనా ఆ నవ్వుని తన చేత్తో ఆర్పడం ఆయన వల్ల కాలేదు. అంత ప్రేమ ఆవిడంటే. పిచ్చి అనండి, ఇంకేమైనా అనండి.

“వద్దులెండి,” అన్నాడు. “అలాగే ఉంచండి.”

మేస్త్రి కార్డుని డబ్బాలో పెట్టి మూత వేశాడు. తిరుగు దారిలో కారు ఎటూ లాగలేదు. నున్నటి రోడ్డు మీద స్టీరింగు వదిలేసి చూశాడు. గీత గీసినట్టు, తిన్నగా, ఎవరో పట్టుకున్నట్టు పోయింది. ఆవిడ ఆయన్ని పరీక్షగా చూసి, “ఎనభై నాలుగు,” అంది మెల్లగా. ఇంక ఆ తర్వాత ఆవిడ ఎప్పుడూ బరువు చెప్పలేదు.

ఆదివారం పొద్దున పదింటికి ఆయన వాకిట్లో స్టూలేసుకుని టైర్లు తుడుస్తున్నాడు. గేటు దగ్గర అక్క కనబడింది. భుజాన సంచి, బస్సు ప్రయాణానికి నలిగిన మొహం. ఆయన ప్రాణం లేచొచ్చింది. లేచి నిలబడ్డాడు.

అక్క గేటు దాటలేదు. కొంగు భుజం మీదుగా సర్దుకుని, పరాయి మగాడి ఎదుట నిలబడ్డట్టు ఒక అడుగు వెనక్కి వేసింది.

“ఏవండీ,” అంది. “మా తమ్ముడు ఇంట్లో ఉన్నాడాండీ?”

వేళాకోళమాడుతోందనుకున్నాడు. చిన్నప్పట్నుంచీ ఏడిపించడం అక్కకి సరదా. నవ్వబోయాడు. అక్క నవ్వలేదు. ఆ కళ్లు తన మొహమంతా తిరిగి, ఎక్కడా ఆగలేదు. ముద్దలు పెట్టి, జ్వరమొస్తే తెల్లార్లూ ఒళ్లో పడుకోబెట్టుకున్న మనిషి, దారి అడిగేవాళ్లు చూసినట్టు చూస్తోంది.

“సన్నగా, పొడుగ్గా ఉంటాడండీ,” అంది అక్క. “పళ్లు కట్టే పని చేస్తాడు. ఒంట్లో బాగాలేదేమోనని చూడ్డానికొచ్చాను.”

అక్కా, నేనే. ఆ ఒక్క ముక్క చాలు. చెబితే నమ్ముతుంది, నమ్మేదాకా చెప్పొచ్చు. చిన్ననాటి సంగతులు పది చెబితే ఈ మొహంలో ఆ పాత మొహం దొరుకుతుంది. ఆయన నోరు తెరిచాడు.

వెనక తలుపు చప్పుడైంది. డాక్టరమ్మ గడప మీదకొచ్చి నిలబడింది. గేటు దగ్గరున్న ఆడపడుచుని చూసింది, ఆవిడ సంచిని చూసింది, ఆయన్ని చూసింది. పలకరించలేదు. వచ్చి ఆయన పక్కన నిలబడి, చొక్కా చేతిని వెనకనుంచి గట్టిగా పట్టుకుంది. నీళ్లలో మునుగుతున్న మనిషి పట్టుకున్న పట్టు అది. ఆవిడకి అన్నీ తెలుసని, మొదటి వారం నుంచీ తెలుసని, ఆ పట్టులో ఆయనకి అర్థమైంది.

“అమ్మాయ్, మావాడేడీ?” అంది అక్క ఆవిడ వంక తిరిగి.

డాక్టరమ్మ ఆయన చొక్కా వదల్లేదు.

“లేడండీ,” అన్నాడు ఆయన. గొంతు బాగా లావుగా, నిబ్బరంగా వచ్చింది. “బయటికెళ్లాడు.”

“ఎప్పుడొస్తాడో చెప్పాడాండీ?”

“చెప్పలేదండీ.”

అక్క వీధి ఇటూ అటూ చూసింది. తర్వాత మొహమాటంగా నవ్వి, “ఫర్వాలేదండీ, నాకేం తొందర లేదు. వచ్చేదాకా కూర్చుంటాను,” అని, లోపలికొచ్చి, వాకిలి మెట్టు మీద సంచి ఒళ్లో పెట్టుకుని, వీధి వైపు తిరిగి కూర్చుంది.